జిబ్బు లోపలి మనిషి

సినిమా దుస్తుల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు బడంగ్‌పేటలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, గోడ మీద ఫొటోలు చూస్తారు, ఆ తరవాత అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "మేడమ్, మీరు ఏయే హీరోలకి కుట్టారు?" హీరో చొక్కా కుట్టడం ఏం బ్రహ్మవిద్య అమ్మా? కొలతలిస్తే మా వీధి చివరి టైలరు కూడా కుడతాడు. పొట్ట కనపడకుండా కుట్టడం ఒక్కటే అందులో కష్టం. అది కూడా రెండు సినిమాలు చేస్తే వచ్చేస్తుంది.

నేను రిటైరైపోయాను. ఇక ఎవరి దగ్గరా మొహమాటం లేదు. ఎవరెవరు నాకు శాలువాలు కప్పారో చెప్పి మీ బుర్ర తినను. ఆ శాలువాల్లో సగం కుట్లు ఊడిపోయేవే. ఈ పని నిజంగా ఏమిటో మీకు తెలియాలంటే నా చివరి రోజుల్లో చేసిన ఒక గ్రహాంతరవాసుల సినిమా సంగతి చెప్పాలి. నవ్విస్తూ భయపెట్టే రకం. అందులోనూ రెండో భాగం. మీలో చాలామంది చూసి ఉండరు. అదృష్టవంతులు.

మొదటిది ఎందుకు ఆడింది

మొదటి భాగం కథ ఇంతే. శంషాబాద్ విమానాశ్రయం పక్క పొలాల్లో ఆకాశంనుంచి ఏదో దిగుతుంది. అందులోంచి నడుమెత్తు జీవులు కొన్ని బయటికొచ్చి ఊళ్ళోని కోళ్ళనీ, సెల్‌ఫోన్లనీ, చివరికి ఒక పెళ్ళివారి బిర్యానీనీ తినేస్తాయి. వాటి పేరు జిబ్బులు. నిర్మాత చెయ్యి అప్పట్లో బిగువు, కాబట్టి కంప్యూటర్ బొమ్మల ఊసు లేదు. కాటేదాన్‌లో చెప్పుల అడుగులు తయారుచేసే కార్ఖానా నుంచి స్పాంజి తెప్పించి, పైన రబ్బరు పూయించి నేనే సూట్లు కుట్టాను. వాటిలో దూరి నటించడానికి ఎత్తు తక్కువ మనుషులను వెతికి తెచ్చారు. వాళ్ళలో పెద్ద జిబ్బు వేషం నర్సింలుది.

నర్సింలుది పక్కనే తొండుపల్లి. ఉన్న కాస్త భూమిలో ఆకుకూరలు పండించి శంషాబాద్‌లో అమ్ముకుంటాడు. మనిషి నా నడుము దాటడు గాని నోరు మాత్రం ఊరంత. మొదటిరోజు నా సూట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేందక్కా, దీంట్ల మనిషి ఉండాల్నా, ఉడకాల్నా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తరవాత నేనే ఒకసారి ఆ తలకాయ తగిలించుకుని చూసి, నోరు మూసుకుని, ముక్కు దగ్గర ఇంకో నాలుగు కన్నాలు పెట్టాను.

దర్శకుడు కుర్రాడు. జిబ్బు గుర్రుమంటూ వచ్చి హీరో మీద పడాలి, అంతే చెప్పాడు. నర్సింలు వాళ్ళ ఊళ్ళో చిట్టీలు నడిపే పెద్దమనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. మధ్యలో ఆగి తొడ గోక్కున్నాడు. అక్కడ తోమి పెట్టిన కుక్కర్ మూతలో తన పళ్ళు చూసుకుని, చేత్తో తుడుచుకుని, అప్పుడు హీరో మీద పడ్డాడు. ఇదంతా ఎవరూ చెప్పింది కాదు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయి నవ్వాడు. హాళ్ళలో జనం కూడా అక్కడే పడీ పడీ నవ్వారు, ఆ సినిమా ఆడింది అందుకే. జిబ్బు గొంతు మాత్రం నర్సింలుది కాదు. మిమిక్రీ చేసే ఒకాయన చేత డబ్బింగ్ చెప్పించారు. కిచకిచమని కోతికి జలుబు చేసినట్టు ఉంటుంది ఆ గొంతు.

విజయోత్సవం పెట్టారు. సినిమా తన దార్శనికత వల్ల ఆడిందని దర్శకుడు, ముహూర్తబలమని నిర్మాత, తన కొత్త హెయిర్‌స్టైల్ అని హీరో. వేదిక మీదికి నర్సింలును పిలవలేదు. జిబ్బు సూట్‌ను మాత్రం నా దగ్గర్నుంచి తెప్పించి, లోపల పేపర్లు కుక్కి, కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేశారు. నర్సింలు నా పక్కన నిలబడి మెడ సాచి చూస్తున్నాడు. "అక్కా, నా పీన్గకు నేనే వచ్చినట్టున్నది," అన్నాడు. నేను నవ్వాను గాని ఆ నవ్వు అక్కడితో సరిపోలేదు. ఇంటికి వచ్చాక చాలాసేపు మా ఆయన్ని అనవసరంగా తిట్టాను.

జిప్పు ఎక్కడ ఉండాలి

రెండో భాగానికి డబ్బు వచ్చింది, దానితో పాటే తెలివితక్కువతనమూ వచ్చింది. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారే, ఇక్కడ కోతి బాగానే ఉండేది, దాన్ని పట్టుకుని అయ్యవారిని చేయబోయారు. జిబ్బులకు పళ్ళు పెంచమన్నారు. ఒంటి నిండా జిగురు కారాలన్నారు. వీపు మీద ముళ్ళు కావాలన్నారు. మొదటిసారి జనం పళ్ళు చూసి నవ్వలేదయ్యా, పళ్ళు తుడుచుకోవడం చూసి నవ్వారని చెప్పాను. "అమ్మా, మీరు కుట్టు చూసుకోండి, క్రియేటివ్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు మొదటి సినిమా రోజుల్లో నన్ను అత్తా అని పిలిచిన కుర్రాడు. ఒక్క హిట్టు వస్తే బంధుత్వాలు కూడా మారిపోతాయి.

ఆ తరవాత జిప్పు గొడవ. వీపు మీద జిప్పు కెమెరాకి దొరుకుతోందట. మనిషిని లోపల పెట్టి కుట్టేయమన్నాడు. సాయంత్రం ప్యాకప్ అయ్యాక విప్పదీయవచ్చట. "లోపల మనిషికి ఊపిరాడకపోతే?" అన్నాను. "చెయ్యెత్తమనండి, చూసుకుంటాం," అన్నాడు. జిబ్బు ప్రతి షాట్‌లోనూ చేతులెత్తే ఉంటుంది, ఎవడు చూస్తాడు? నేను కుట్టనన్నాను. ముళ్ళ వరస కింద జిప్పు దాచి, లోపలి మనిషి తన చేత్తో లాక్కునేలా ఒక తాడు పెట్టాను. దర్శకుడు అరిచాడు. నేనూ అరిచాను. నా గొంతు పెద్దది.

ఈ పనిలోకి వచ్చే మీ అందరికీ నేను నేర్పగలిగింది ఇదొక్కటే. బట్ట బయటికి ఎలా కనపడుతుందో చూసేవాళ్ళు సెట్‌లో యాభై మంది ఉంటారు. లోపల ఎలా ఉందో చూడాల్సింది మీరొక్కరే. దానికి ఎవరూ మిమ్మల్ని మెచ్చుకోరు, ఆ ఆశ పెట్టుకుంటే వేరే పని చూసుకోండి.

నర్సింలు అడిగింది

రెండో భాగానికి ఒప్పుకునే ముందు నర్సింలు ఒక్కటే అడిగాడు. మేకప్ గది బయట, నా ఎదురుగానే అడిగాడు. అతని కూతురు స్వప్న ఏడో తరగతి. మా నాయనే జిబ్బు అని బడిలో చెప్పుకుంది. ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోగా అబద్ధాలకోరు అని పేరు పెట్టారు. సినిమా చివర్లో పేర్లు వస్తాయి గదా అంటే, అవి వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు.

"సార్, ఒక్క షాటు," అన్నాడు నర్సింలు. "జిబ్బు తలకాయ తీస్తది. లోపట నేనుంట. నా మొకం కనవడాలె. గంతే. నా బిడ్డ బడికి పోనంటున్నది సార్."

దర్శకుడు అతని భుజం తట్టాడు. "అద్భుతం నర్సింలు! ఆఖరి సీన్ అదే పెడదాం. ప్రేక్షకులకి పెద్ద సర్‌ప్రైజ్." నిజంగానే రాశాడు. షెడ్యూల్లో అన్నిటికన్నా చివర పెట్టాడు. హీరోకి జలుబు చేస్తే జిబ్బు సీన్లు వెనక్కి, హీరోకి ఊరెళ్ళే పని ఉంటే జిబ్బు సీన్లు ముందుకి. ఆ ఒక్క షాటు మాత్రం ఎప్పుడూ చివరే. నర్సింలుకి రోజూ ఇదే. పొద్దున ఆకుకూరలు అమ్ముకుని రావడం, సూట్‌లో దూరడం, ఎండలో మరగడం.

గుమ్మడికాయ

మన పరిశ్రమలో షూటింగ్ కొబ్బరికాయతో మొదలవుతుంది, గుమ్మడికాయతో ముగుస్తుంది. చివరి రోజున బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి మూడుసార్లు దిష్టి తీసి, నేలకేసి కొడతారు. ఇక అయిపోయినట్టే. లడ్డూలు పంచుకుని అందరూ ఇళ్ళకు పోతారు.

నర్సింలు షాట్‌కి ముందురోజు, బడంగ్‌పేటలో ఒక కొత్త ఇంట్లో గృహప్రవేశం సీన్ తీస్తున్నారు. హీరో గుమ్మడికాయతో ఇంటికి దిష్టి తీసి నేలకేసి కొడతాడు, అందులోంచి పిల్ల జిబ్బు దూకుతుంది. గొప్ప ఊహ! థర్మోకోల్‌తో గుమ్మడికాయ చేయించారు గాని దాని మీద ఎవడో మహానుభావుడు తప్పు రంగు పూశాడు, అది కరిగి ముద్దయింది. అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకెళ్ళి బజార్లోంచి నిజమైన బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. దాని మీద నిజమైన కర్పూరం. ఇంటికి దిష్టి తీస్తే హీరో ముఖం పక్కకి పోతోందని, కెమెరా వైపు తిరిగి తీయమన్నాడు దర్శకుడు. హీరో కెమెరా ఎదుట మూడుసార్లు తిప్పి, ఆవేశంగా నేలకేసి కొట్టాడు.

లైట్‌మెన్ చప్పట్లు కొట్టారు. వాళ్ళ తప్పేముంది? కర్పూరం చూశారు, కెమెరాకి మూడు చుట్లు చూశారు, పగిలిన కాయ చూశారు. ఒకడు కేబుల్ చుట్టడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ ఎవరో లడ్డూలకి మనిషిని కూడా పంపారు. సరిగ్గా అప్పుడే నిర్మాత కారు దిగాడు. గుమ్మం ముందు చెక్కలైన గుమ్మడికాయ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరు కొట్టించారు? ఇంకా షూటింగ్ ఉంది కదా!" అన్నాడు.

"సీన్‌లో భాగమండీ," అన్నాడు దర్శకుడు, నసుగుతూ.

నిర్మాత కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. కొట్టాక ఇంకో షాట్ తీస్తే అరిష్టం, ఇక ఒక్క అడుగు ఫిల్మ్ కూడా తిరగడానికి వీల్లేదన్నాడు. ఫిల్మ్ పోయి ఎన్నేళ్ళయిందో ఆయనకి ఎవరు చెప్పాలి?

నేను ముందుకెళ్ళాను. "అయ్యా, అది కథలో కొట్టిన గుమ్మడికాయ. షూటింగ్‌ది కాదు."

"గుమ్మడికాయకి ఆ తేడా తెలుస్తుందా అమ్మా?"

"దానికి తెలియదండీ. మీకు తెలియాలి కదా."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. మిగిలిందేమిటని దర్శకుణ్ణి అడిగాడు. దర్శకుడు నా వైపు చూడలేదు. "ఒక్క చిన్న షాటే సార్. లేకపోయినా కథకి నష్టమేమీ లేదు." వెన్నెముక అనేది సూట్‌లో కుట్టగలను గాని మనిషిలో కుట్టలేను. వీలుంటే ఆ రోజే కుట్టేదాన్ని.

నర్సింలు ఇంకా సూట్‌లోనే ఉన్నాడు, పక్క గదిలో ఫ్యాన్ కింద. తలకాయ తీశాను. "ఏందక్కా, బయట లడ్డూలు పంచుతున్నరు?" అన్నాడు. చెప్పాను. అతను చెవి దగ్గర అంటుకున్న స్పాంజి ముక్క తీసి చూసుకున్నాడు.

"రేపు నా సీను ఉండె గదక్కా," అన్నాడు. "బిడ్డ దోస్తులను తోల్కొని వస్తనన్నది. ఇగ దానికి ఏమని చెప్పాలె?"

లడ్డూ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు ఎవరో. దాన్ని కిటికీలోంచి విసిరేశాను.

ప్యాచ్ వర్క్

గుమ్మడికాయ కొట్టాక షూటింగ్ చేయకూడదన్నది ఎంత పెద్ద శాస్త్రమో, ఆ తరవాత తెలిసింది. హీరో ఎడిటింగ్ గదిలో సినిమా చూసుకున్నాడు. క్లైమాక్స్‌లో అందరి చూపూ జిబ్బు మీదే ఉందట, తనకి ఎలివేషన్ తగ్గిందట. తాను జిబ్బును మెడ పట్టి ఒంటిచేత్తో పైకెత్తే షాట్ కావాలన్నాడు. వెంటనే మంచిరోజు దొరికింది. గుమ్మడికాయ ఏమైందని నేను అడిగాను. "ఇది ప్యాచ్ వర్క్ అండీ, షూటింగ్ కాదు," అన్నారు. హీరో అడిగితే ప్యాచ్ వర్క్, నర్సింలు అడిగితే అరిష్టం.

నర్సింలు రానన్నాడు. ఒక అసిస్టెంట్‌ను సూట్‌లో కుక్కి మోకాళ్ళ మీద నడిపించారు. మంచం కింద పడిన మాత్ర కోసం వెతుకుతున్న ముసలాడిలా ఉన్నాడు. రెండుసార్లు ముందుకి పడ్డాడు, ఒక పన్ను విరిగింది. జిబ్బు పన్నే లెండి. ఇక చేసేది లేక అసిస్టెంట్ డైరెక్టర్ నన్ను వెంటబెట్టుకుని తొండుపల్లి వచ్చాడు.

నర్సింలు బోరు దగ్గర పాలకూర కట్టలు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"నర్సింలు గారూ, ఒక్కపూట రండి. చిన్న పని," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్. ఆ గారు అనేది మొదటిసారి విన్నాను.

"షూటింగ్ అయిపాయె గద సార్. గుమ్మడికాయ కొట్టిండ్రు."

"ఇది షూటింగ్ కాదండీ, ప్యాచ్ వర్క్."

"అరిష్టమని మీ పెద్దసారే అనె. నాకు ఇల్లున్నది, బిడ్డున్నది. ఎట్లొస్త?"

కుర్రాడు చెమటలు తుడుచుకుని నిర్మాతకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. నిర్మాత గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "ఏమయ్యా నర్సింలు, ప్యాచ్ వర్క్‌కి ఏ దోషమూ ఉండదయ్యా. పంతులుగారిని కూడా అడిగాను. పరిశ్రమలో అందరూ చేసేదే."

నర్సింలు చేతిలో కట్టను దులిపి గంపలో పెట్టాడు. "మంచిమాట చెప్పిండ్రు సార్. గట్లయితే నా మొకం గుడ ప్యాచ్ వర్కుల తియ్యిండ్రి. ముందుగాల నాది. ఎనుకనే హీరోది."

అప్పుడే నెత్తిమీదుగా విమానం లేచింది. "ఏంటీ? వినపడలేదు!" అని ఫోన్‌లో నిర్మాత అరుస్తున్నాడు. నర్సింలు తొందరపడలేదు. "ఉండుండ్రి సార్, ఇమానం పోనియ్యిండ్రి," అని, అది మేఘాల్లోకి పోయేదాకా ఆగి, అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. రెట్టింపు ఇస్తామన్నా, దర్శకుడు బతిమాలినా, ఆ మాట మీదే నిలబడ్డాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ పాలకూర మొత్తం నేనే కొనేశాను.

కాటేదాన్‌లో ఒక గోడౌన్‌లో, ముందు నర్సింలు షాటే తీశారు. దర్శకుడు చెప్పింది, తల తీసి, కెమెరాలోకి చూసి నవ్వి, "మళ్ళీ వస్తా!" అనమని. నర్సింలు తల తీశాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది, ముఖమంతా చెమట. నవ్వలేదు. కెమెరాలోకి సూటిగా చూసి, "నర్సింలు. తొండుపల్లి," అన్నాడు.

"కట్! అది కాదయ్యా డైలాగ్!" అని దర్శకుడు అరిచాడు. కాని హీరో అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు, ఆయనకి విమానం టైమవుతోంది. "సర్లే, డబ్బింగ్‌లో చూసుకుందాం," అన్నాడు దర్శకుడు. ఆ మాట మన పరిశ్రమలో ఎన్ని పాపాల మీద కప్పిన దుప్పటో మీరు వచ్చాక చూస్తారు. నర్సింలుకి ఆ మాట పట్టలేదు. ఇంటికెళ్ళి, సినిమాలో నా పేరు, మన ఊరి పేరు నా నోటితోనే చెప్పినానని బిడ్డకు చెప్పుకున్నాడు.

శంషాబాద్‌లో మ్యాట్నీ

విడుదలరోజు మధ్యాహ్నం ఆటకి నర్సింలు, అతని భార్య, స్వప్న, స్వప్న బడి పిల్లలు కొందరు, నేను కలిసి వెళ్ళాం. హాలు సగం కూడా నిండలేదు. సినిమా గురించి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు, అయినా చెబుతాను. జిగురు కారింది, కారింది, కారుతూనే ఉంది. ఎవరూ నవ్వలేదు. హీరో జిబ్బును ఒంటిచేత్తో ఎత్తిన షాట్‌కి మాత్రం ఒకళ్ళిద్దరు నవ్వారు, ఎందుకంటే జిబ్బును పైనుంచి లాగుతున్న తాడు కనపడింది. నా పక్కన స్వప్న కుర్చీ అంచున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

చివరికి ఆ షాట్ వచ్చింది. తెర నిండా జిబ్బు తల. అది పైకి లేచింది. కింద నర్సింలు ముఖం, ఆ చెమటతో, ఆ చూపుతో. "అరే, నిజంగనే మీ నాయనే!" అన్నాడు వెనక వరసలో ఒక పిల్లవాడు.

తెర మీద నర్సింలు పెదవులు కదిలాయి. వినపడింది మాత్రం మిమిక్రీ ఆయన గొంతు. "మళ్ళీ వస్తా! కిక్కిక్కిక్కీ!"

పిల్లలు గొల్లుమన్నారు. నర్సింలు తల దించుకున్నాడు. పోనీ ఒక్క ముఖం, ఒక్క పేరు, దాన్ని కూడా వదలరా వీళ్ళు? తెర మీద పేర్లు పరుగెత్తడం మొదలైంది, జనం లేస్తున్నారు.

స్వప్న కుర్చీ మీదికెక్కి నిలబడింది. "గది మా నాయన గొంతు గాదు!" అని అరిచింది. ఆ పిల్లకి అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "మా నాయన గట్ల అనలే! మూతి చూడలేదా మీరు? నర్సింలు, తొండుపల్లి అన్నడు! నర్సింలు, తొండుపల్లి!"

హాల్లో లైట్లు వెలిగాయి. తలుపు దాకా పోయినవాళ్ళు ఆగి వెనక్కి చూశారు. "ఎవరమ్మా మీ నాయన?" అని ముందు వరసలోంచి ఒక పెద్దాయన అడిగాడు. స్వప్న చెయ్యి చాపి చూపించింది. ఎదుటి కుర్చీ అడ్డమై అతను ఎవరికీ కనపడలేదు. జనం లేచి, మెడలు సాచి, దగ్గరికి వచ్చి చూడసాగారు.

నర్సింలు సిగ్గుతో కుర్చీలో ఇంకా కిందికి జారాడు. "నన్నేంది చూస్తరు? సిన్మా గాడ ఉన్నది, గాడ చూడుండ్రి," అని తెర వైపు చెయ్యి చూపించాడు.

ఎవరూ అటు తిరగలేదు. స్వప్న కుర్చీ దిగి, తండ్రి చెయ్యి పట్టుకుని నడవలోకి లాక్కొచ్చి, అందరికీ కనపడేలా నిలబెట్టింది. అతను తల ఎత్తాడు. నాకు ఏడుపు ఆగలేదు.